వార్తల్లో పదం: కృష్ణ పదార్థ కణాలు

విశ్వంలోని మొత్తం ద్రవ్యశక్తిలో మనకు తెలిసిన పదార్థం సుమారు 5 శాతమే. దాదాపు 27 శాతం కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్). దానికి వెలుగుతో పనిలేదు. గురుత్వాకర్షణ వల్లే ఉనికి తెలుస్తోంది. అది ఏ కణాలతో తయారైంది? బరిలో ముఖ్యంగా మూడు పేర్లున్నాయి.

వింప్: బరువైన కణం, మామూలు పదార్థాన్ని బహు అరుదుగా తాకుతుందని అంచనా. అమెరికాలోని దక్షిణ డకోటాలో, దాదాపు 1.5 కిలోమీటర్ల లోతున, లక్స్-జెప్లిన్ ప్రయోగం 10 టన్నుల ద్రవ జెనాన్‌తో కాపు కాస్తోంది. 2024 ఫలితాల్లోనూ జాడ లేదు.

యాక్సియాన్: ఎలక్ట్రాన్ కంటే కోట్ల రెట్లు తేలిక కావచ్చు. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఫోటాన్‌గా మారితే పట్టుకోవాలని ఏడీఎంఎక్స్ ప్రయోగం ప్రయత్నిస్తోంది.

స్టెరైల్ న్యూట్రినో: దీనికి విశాఖతో దూరపు చుట్టరికం ఉంది. బీటా క్షయంలో శక్తి లెక్క కుదరకే 1930లో శాస్త్రవేత్త పౌలి న్యూట్రినోను ఊహించారు. ఆ క్షయంలో వెలువడే బీటా కిరణాలపై పరిశోధించిన భౌతిక శాస్త్రవేత్త స్వామి జ్ఞానానంద తర్వాత విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నెలకొల్పారు. అయితే కృష్ణ పదార్థం కావడానికి మామూలు న్యూట్రినోలు మరీ తేలిక, మహావేగం, గెలాక్సీలను కూడగట్టలేవు. అందుకే, బలహీన బలానికీ స్పందించని బరువైన రకం ఉండొచ్చన్న ప్రతిపాదన. ఉంటే, బీటా వర్ణపటంలో చిన్న వంపుగా కనబడాలి.