మీకు తెలుసా? ఆల్ప్స్ కాలిబాటల్లో అన్నీ వింతలే!

మన సినిమా జంటలు పాటల్లో పరుగులు తీసే స్విట్జర్లాండ్‌లో నడకదారులన్నీ కలిపితే ఎంత పొడవో చెప్పుకోండి చూద్దాం! సుమారు 65,000 కిలోమీటర్లు! భూమిని ఒకటిన్నర చుట్లు చుట్టినా ఇంకా దారి మిగులుతుంది. దారి చూపే పసుపు బోర్డుల మీద సాధారణంగా కిలోమీటర్లు ఉండవు, ఎంతసేపు నడవాలో రాసి ఉంటుంది.

సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ తిరగాలంటే సుమారు 170! ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడింటినీ తొక్కి రావాలి. దారిలో ఎక్కే ఎత్తులన్నీ కూడితే దాదాపు 10,000 మీటర్లు, అంటే ఎవరెస్టును మించిపోయింది.

గోడెక్కే మేకలను చూశారా? ఇటలీలోని చింజీనో డ్యామ్ దాదాపు నిట్టనిలువు గోడ. ఐబెక్స్ అనే కొండమేకలు పిల్లలతో సహా దాని మీద తాపీగా తిరుగుతాయి! రాళ్ల సందుల్లో ఊరే ఉప్పును నాకడానికే ఇంత సాహసం.

ఈ ఐబెక్స్‌లు 19వ శతాబ్దం మొదట్లో వంద దాకా మాత్రమే మిగిలాయి. వాటిని కాపాడింది ఎవరో తెలుసా? వేటగాడే! తర్వాత ఇటలీకి రాజైన రెండో విక్టర్ ఇమ్మాన్యుయేల్ తాను తప్ప ఇంకెవరూ వేటాడకూడదని గ్రాన్ పారడీసో అడవిని 1856లో తన సొంతం చేసుకున్నాడు. స్విట్జర్లాండ్ వాళ్లు అడిగినా రాజకుటుంబం ఇవ్వకపోతే, 1906లో దొంగచాటుగా ఐబెక్స్ పిల్లలను సరిహద్దు దాటించారు. ఇప్పుడు ఆల్ప్స్ అంతటా 50,000కు పైనే ఉన్నాయి. దొంగతనం కూడా ఒక్కోసారి మేలు చేస్తుందన్నమాట!

ఏనుగు 22 నెలలు పిల్లను కడుపులో మోస్తుంది. దాన్ని ఓడించేది ఎవరు? బల్లిలా కనిపించే, జానెడైనా లేని నల్ల సాలమాండర్! రెండు మూడేళ్లు కడుపులో మోసి, ఒకటి రెండు పిల్లలను కంటుంది. చలి ఎక్కువైన కొద్దీ ఆ కాలం ఇంకా సాగుతుంది.

మార్మోట్ అనే బొద్దు ఉడుత ఏడాదిలో ఆరేడు నెలలు నిద్రలోనే గడుపుతుంది. అప్పుడు దాని గుండె నిమిషానికి ఐదుసార్లే కొట్టుకుంటుంది! బొరియలో కుటుంబమంతా ఒకదానినొకటి ఆనుకుని పడుకుంటేనే పిల్లలు చలికాలం గట్టెక్కుతాయి.

ఇక నా ముద్దుల పక్షి గడ్డపు రాబందు. రెక్కలు చాపితే 2.8 మీటర్ల దాకా ఉంటుంది, దాని ముఖ్య భోజనం ఎముకలు! మింగుడుపడని పెద్ద ఎముకను ఆకాశంలోకి ఎత్తుకెళ్లి బండల మీద వదిలి ముక్కలు చేసుకుంటుంది. పైగా షోకు! ఇనుము కలిసిన ఎర్రమట్టి నీళ్లలో మునిగి తెల్లని ఈకలకు కాషాయం రంగు వేసుకుంటుంది. గొర్రెపిల్లల్ని, పసిపిల్లల్ని ఎత్తుకుపోతుందన్న వట్టి పుకారుతో జనం దీన్ని కాల్చి కాల్చి, 1913 నాటికి ఆల్ప్స్‌లో లేకుండా చేశారు. 1986 నుంచి మళ్లీ తెచ్చి వదులుతున్నారు. అంతదూరం వెళ్లలేమంటారా? మన హిమాలయాల్లోనూ ఉంది.

నట్‌క్రాకర్ అనే పక్షి ఒక్కటే ఒక సీజన్‌లో లక్ష దాకా పైన్ గింజలు మట్టిలో దాస్తుంది. ఎక్కువ శాతం గుర్తుపెట్టుకుని మంచు తవ్వి మరీ తింటుంది. మరిచిపోయినవి కొత్త చెట్లవుతాయి!

1991లో కాలినడకన వెళ్తున్న ఇద్దరు జర్మన్లకు 3,210 మీటర్ల ఎత్తున మంచులో ఒక శవం కనిపించింది. ఈ మధ్యే పోయిన పర్వతారోహకుడనుకున్నారు. తీరా చూస్తే వయసు 5,300 ఏళ్లు! ఓట్జీ అని పేరుపెట్టిన ఆ మనిషి కడుపులోని చివరి భోజనంలో ఏముందో తెలుసా? ఐబెక్స్ మాంసం!

చివరగా ఒక మాట. ఆల్ప్స్ వెళ్లేవారికి జాగ్రత్త చెప్పే బోర్డులు చాలాచోట్ల తోడేలు గురించి కాదు, దూడతో ఉన్న ఆవు గురించి! దారిలో కనబడితే గోమాత కదా అని దండం పెట్టడానికి దగ్గరికి వెళ్లకండి. దూరం నుంచే చుట్టు తిరిగి పొండి.