జపాను భాషలో అరకు దారి

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం పుట్టుకకు జపానుతో 1960లో కుదిరిన ఇనుప ఖనిజం ఒప్పందమే కారణం. బైలదిల్లా ఖనిజం అరకు మీదుగా విశాఖ రేవు చేరి, అక్కడ ఓడలెక్కింది.

ఈ దారి పొడవునా కనిపించే చోట్లకు జపానువారి మాటలు తేలికే. స్టేషను ‘ఎకి’, కొండ ‘యమ’, సంత ‘ఇచిబ’, గుహ ‘దోకుత్సు’, జలపాతం ‘తకి’, రేవు ‘మినతొ’.

‘ఎకి వ దొకొ దెస్ క?’ అంటే ‘స్టేషను ఎక్కడ?’ అని. మనం ‘సంతా?’ అని చివర దీర్ఘం తీసినట్టే, వారు ‘ఇచిబ దెస్ క?’ అని చివర ‘క’ చేరుస్తారు.

ఇంట్లో కువి, బడిలో తెలుగు పలికే గిరిజన పిల్లలకు మరో భాష బరువు కాదు. ఖనిజం కొన్న దేశపు యాత్రికుడు బొర్రా గుహలకు వచ్చిన నాడు, ఈ నాలుగు మాటలే దారి చూపే కుర్రాడికి కూలి సంపాదించి పెడతాయి.