వంటింటిపై మోపే నింద, నీటిలో దాగిన కారణం

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ పెరిగిందని తేలగానే మన ఇళ్లలో మొదటి విచారణ వంటింట్లోనే జరుగుతుంది. నూనె ఎక్కువైందా, పండుగనాటి బిర్యానీయే కారణమా అని ఇంటిల్లిపాదీ ఇల్లాలిని ప్రశ్నిస్తారు. ఆహారం, శ్రమలేని జీవితం, వంశపారంపర్యం ప్రధాన కారణాలన్న మాట నిజమే. అయితే కేవలం కుళాయి నీరు తాగినందుకు ఆ భారంలో కొంత మోయవలసి వచ్చిన ఒక ప్రాంతం కథ ఉంది. దానిని పాఠకుల ముందుంచడం అవసరమని భావిస్తున్నాము.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున పార్కర్స్‌బర్గ్ పట్టణం ఉంది. దాని సమీపంలోని డ్యూపాంట్ కర్మాగారం 1951 నుంచి టెఫ్లాన్ తయారీలో పీఎఫ్‌ఓఏ అనే రసాయనాన్ని వాడింది. అది గాలి ద్వారా, వ్యర్థ జలాల ద్వారా వెలువడి, చుట్టుపక్కల ప్రజలు తాగే నీటిలో కలిసింది. తన ఆవులు వరుసగా చనిపోతున్నాయని ఒక రైతు 1998లో రాబర్ట్ బిలాట్ అనే న్యాయవాదిని ఆశ్రయించడంతో విషయం బయటపడసాగింది. ఆ తరువాత వేలాది ప్రజల పక్షాన వ్యాజ్యం నడిచి, 2004లో ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా 2005-06లో సుమారు 69,000 మంది తమ రక్తాన్ని పరీక్షకు ఇచ్చారు.

ముగ్గురు శాస్త్రవేత్తల బృందం ఏళ్ల తరబడి పరిశీలించి, 2012 నాటికి ఆరు రుగ్మతలకు ఈ రసాయనంతో సంబంధం ఉండే అవకాశమే ఎక్కువని తేల్చింది. మూత్రపిండాల క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ వ్యాధి, పెద్దప్రేగులో పుండ్లు, గర్భిణులలో రక్తపోటుతో పాటు అధిక కొలెస్ట్రాల్ కూడా ఆ జాబితాలో ఉంది. రక్తంలో ఈ రసాయనం అతి తక్కువగా ఉన్న పదో వంతు ప్రజలతో పోలిస్తే, అత్యధికంగా ఉన్న పదో వంతులో కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 11 నుంచి 12 మిల్లీగ్రాములు అధికంగా కనిపించింది. ఒక్క మనిషికి ఇది చిన్న తేడాయే. కానీ ఒక ప్రాంతమంతటికీ ఆ మేరకు పెరిగితే, గుండెజబ్బు అంచున ఉన్నవారిలో ఎందరో ఆ గీత దాటుతారు.

పీఎఫ్‌ఓఏ ఒంటరిది కాదు. పీఎఫ్‌ఏఎస్ అని పిలిచే వేలాది రసాయనాల కుటుంబంలో అది ఒకటి. వీటిలో కార్బన్, ఫ్లోరిన్ పరమాణువుల బంధం అత్యంత దృఢమైనది. ఎండకు, నీటికి, సూక్ష్మజీవులకు అది అంత తేలికగా లొంగదు. అందుకే వీటిని శాశ్వత రసాయనాలు అంటారు. నల్గొండ ప్రజల ఎముకలను వంచిన ఫ్లోరైడ్‌తో వీటిని కలిపి చూడరాదు. అది భూమిలోని శిలల నుంచి నీటిలోకి ఊరినది. ఇవి మనిషి చేతులారా తయారు చేసినవి.

ఇవి కాలేయాన్ని ఎలా ఇబ్బంది పెడతాయి? వీటిలో పలు రసాయనాల అణువులు రూపంలో కొవ్వు ఆమ్లాలను పోలి ఉంటాయి. కొవ్వు ఆమ్లాలను మోసే ప్రొటీన్లకే ఇవీ అంటుకుని కాలేయంలోకి ప్రవేశిస్తాయి. కొవ్వును ఎప్పుడు ఖర్చు చేయాలో, ఎప్పుడు నిలువ ఉంచాలో చెప్పే వ్యవస్థను కదిలిస్తాయి. మామూలుగా కాలేయం కొంత కొలెస్ట్రాల్‌ను పిత్తామ్లాలుగా మార్చి వదిలించుకుంటుంది. ఈ మార్పిడి మందగించడాన్ని ప్రయోగశాలల్లో గమనించారు. పైగా పిత్తంతో ప్రేగుల్లోకి దిగిన రసాయనంలో చాలా భాగం తిరిగి కాలేయానికే చేరుకుంటుంది.

ఎలుకలలో ఈ రసాయనాల వల్ల కాలేయం ఉబ్బి కొవ్వు పేరుకున్నా, రక్తంలో కొలెస్ట్రాల్ మాత్రం తగ్గింది. మనుషులలో అది పెరిగింది. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే ఏఎల్‌టీ అనే ఎంజైము కూడా ఆ ప్రాంత ప్రజలలో రసాయనం పాలు పెరిగేకొద్దీ పెరిగింది. అయినా కాలేయ వ్యాధితో సంబంధం ఉందని చెప్పడానికి తగిన ఆధారం లేదని ఆ బృందమే పేర్కొంది. కనుక ప్రతి కొవ్వు కాలేయానికీ ఇదే కారణమని ఎవరూ తీర్మానించుకోరాదు.

ఆశ కలిగించే విషయం మరొకటి ఉంది. నీటిని శుద్ధి చేయడం మొదలైన తరువాత అక్కడివారి రక్తంలో రసాయనం తగ్గుతూ వచ్చింది. సగం తగ్గడానికి రెండేళ్లకు పైగా పట్టింది. అలా సగానికి తగ్గినవారిలో చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ సగటున 3.6 శాతం తగ్గినట్లు పరిశోధకులు లెక్కగట్టారు. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం పీఎఫ్‌ఓఏను నిర్మూలించవలసిన రసాయనాల జాబితాలో చేర్చింది.

మనం చేయగలిగినది కొంత ఉంది. నీటిని మరిగిస్తే ఈ రసాయనాలు పోవు. సక్రమంగా మార్చే ఉత్తేజిత బొగ్గు ఫిల్టరు, ఆర్‌ఓ వీటిని తగ్గిస్తాయి. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా మంటపై వదలరాదు. పూత లేచిపోయినదానిని పక్కన పెట్టి ఇనుప పెనం, మట్టి చట్టి వాడుకోవచ్చు. జిడ్డు అంటని పూత పూసిన కాగితాల్లో వేడి పదార్థాలు కట్టించుకోవడం తగ్గించాలి. వైద్యుడు రాసిన కొలెస్ట్రాల్ మాత్రలను మాత్రం ఈ వ్యాసం చదివి మానరాదు. నడక, మితాహారం ఎప్పటివలెనే అవసరం.

ఒక ఇల్లు తన కంచాన్ని అదుపులో ఉంచుకోగలదు. ఊరి నీటిని ఒంటరిగా కాపాడుకోలేదు. పార్కర్స్‌బర్గ్ ప్రజలు రక్తమిచ్చి సాక్ష్యం చెప్పాకే వారికి నిజం తెలిసింది. ఈసారి పరీక్ష నివేదిక చేతికి వచ్చినప్పుడు ఇల్లాలిని ప్రశ్నించే ముందు, మనం తాగే నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, దాని ఎగువన ఏ కర్మాగారం ఉన్నదో కూడా అడిగి తెలుసుకుందాము.