అడవి జంతువుల పేరిట వచ్చే సొమ్ముకు లెక్క అడిగేదెవరు?

ముంబయి నగరంలోని కామాఠిపుర గల్లీలలోనూ, వర్లీ వంటి చోట్ల గల చాళ్ళలోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. పద్దెనిమిదవ శతాబ్ది చివరి నుండి నిజాం రాజ్యం విడిచి కూలిపనులకు వెళ్ళిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచిపోయింది. నేటికీ మన సరిహద్దు గ్రామాలలో ఎన్నో ఇళ్ళకు ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. సెలవునాడు పిల్లలను బైకుల్లాలోని రాణీబాగ్‌కు తీసుకువెళ్ళి పెంగ్విన్లను చూపించిన తండ్రికే ఆ సాయంత్రం ఊరి నుండి ఫోను రావచ్చు. రాత్రి అడవిపందులు పడి మొక్కజొన్న చేనంతా తొక్కివేశాయని, అధికారులు వచ్చి చూడలేదని ఆ కబురు.

ఈ రెండు విషయాలకు సంబంధం లేదనిపిస్తుంది. అయితే పెంగ్విన్ల గదిని చల్లబరచేదీ, పాడైన చేనుకు పరిహారంగా రావలసినదీ రెండూ ప్రజల సొమ్మే. ఆ సొమ్ము ఎక్కడ బయలుదేరి, ఎవరి చేతుల మీదుగా నడచి, ఎక్కడ ఆగుతున్నదో తెలుసుకునే హక్కు చాల్లో ఉన్నవారికీ, చేనులో ఉన్నవారికీ సమానమే.

రాణీబాగ్ నేర్పిన పాఠం

కామాఠిపురకు సమీపంలోనే ఉన్న రాణీబాగ్ జంతుప్రదర్శనశాలను బృహన్ముంబయి నగరపాలక సంస్థ నడుపుతున్నది. 2016 జూలైలో దక్షిణ కొరియా నుండి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్లను తెప్పించారు. ఆ ఏడాది అక్టోబరులోనే వాటిలో ఒకటి మరణించింది. 2017లో ప్రదర్శన ప్రారంభమయింది. అదే ఏడాది పెద్దలకు 5 రూపాయలున్న ప్రవేశ రుసుమును 50 రూపాయలకు పెంచారు. రోజుకూలీతో బ్రతికే కుటుంబాలకు ఇది చిన్న మార్పు కాదు. 2021లో పెంగ్విన్ల సంరక్షణకు మూడేళ్ళకు సుమారు 15 కోట్ల రూపాయల టెండరు పిలిచినపుడు సభలోని ప్రతిపక్షాలు అభ్యంతరం తెలిపాయి.

ఖర్చు తప్పా, ఒప్పా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. అడిగేందుకు ఒక సభ ఉండడమే ముఖ్యం. నగరపాలక సంస్థలో పెద్ద టెండర్లు ఎన్నికైన సభ్యుల స్థాయీసంఘం ముందుకు వస్తాయి. కాని 2022 మార్చి 7న ఆ సభ గడువు ముగిసింది. ఆపై సంవత్సరాల తరబడి ఎన్నికలు లేక, ప్రభుత్వం నియమించిన పాలనాధికారి చేతనే వ్యవహారమంతా నడచింది. సభ లేని రోజులలో గల్లీలోని మనిషికి మిగిలిన సాధనం సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటే.

అడవికి సొమ్ము వచ్చే దారులు

పులుల సంరక్షణకు 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభమయింది. దాని వ్యయాన్ని కేంద్రం, రాష్ట్రం పంచుకొంటాయి. రెండవ దారి కంపా నిధి. గనులకు, రహదారులకు అడవిని ఇచ్చినపుడు ఆ సంస్థల నుండి వసూలు చేసే సొమ్ము ఇది. 2016 నాటి చట్టం ప్రకారం ఇందులో 90 శాతం రాష్ట్రాలకు చెందుతుంది. 2019 ఆగస్టులో కేంద్రం 27 రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు బదిలీ చేసింది. మూడవ దారి పులుల అభయారణ్యాలలో పర్యాటకుల నుండి వచ్చే రుసుము. 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ఏర్పడిన పులి సంరక్షణ ఫౌండేషన్లకు అది చేరుతుంది.

దారులు మూడయినా తనిఖీ లేకపోతే ఏమవుతుందో అనుభవం చెప్పింది. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు ఉన్నట్లు కాగితాలు చూపుతూ వచ్చాయి. 2005 నాటికి అక్కడ ఒక్క పులి కూడా మిగలలేదని తేలింది. ఆ దెబ్బతోనే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2006లో కాగ్ పులుల అభయారణ్యాలపై ప్రత్యేక నివేదిక ఇచ్చింది. ఉత్తరాఖండ్‌లో కంపా సొమ్ములో 13.86 కోట్లు ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌ల కొనుగోలు వంటి సంబంధం లేని పనులకు మళ్ళినట్లు 2025లో కాగ్ నివేదిక బయటపెట్టింది.

మన పొరుగునే ఉన్న చంద్రపూర్ జిల్లా తాడోబాలో సఫారీ టికెట్ల ఆన్‌లైన్ విక్రయాన్ని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. మూడేళ్ళ లెక్కలు తనిఖీ చేయగా ఆ సంస్థ ఫౌండేషన్‌కు చెల్లించవలసిన దానిలో సుమారు 12.15 కోట్లు చెల్లించలేదన్న ఆరోపణతో 2023 ఆగస్టులో పోలీసు కేసు నమోదయింది. అడవి అంచు గ్రామాలకు కూడా ఉపయోగపడవలసిన సొమ్ము అది. కంచే చేను మేయకుండా చూసేది లెక్కల తనిఖీయేనని ఈ ఉదంతం చెబుతున్నది.

తుపాకీకి కూడా పద్దు ఉంటుంది

అమెరికాలో వేట చట్టబద్ధం. 1937 నాటి ఒక చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్ను వన్యప్రాణి సంరక్షణకు రాష్ట్రాలకు అందుతుంది. మన దేశంలో వినోదపు వేటకు తావు లేదు. 1972 చట్టంలోని 11వ సెక్షను క్రింద, మనుషుల ప్రాణాలకు ముప్పయిన జంతువును చంపేందుకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు కారణాలు వ్రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. పంటలను పాడుచేసే రెండవ షెడ్యూలు జంతువుల విషయంలో ఆయనగాని, ఆయన అధికారమిచ్చిన అధికారిగాని అనుమతి ఇవ్వవచ్చు. కారణాలు వ్రాతలో ఉండాలన్న నియమమే ప్రజలకు రక్షణ. వ్రాత ఉన్నచోట నకలు అడగవచ్చు.

అందుకు పెద్ద ఉదాహరణ యవత్మాల్ జిల్లా పాండర్‌కవడా అడవులలోని అవని పులి. ఆ ప్రాంతంలో రెండేళ్ళలో 13 మంది పులి దాడులలో మరణించినట్లు లెక్కకు వచ్చింది. ముందు మత్తుమందు ఇచ్చి పట్టుకొనేందుకు ప్రయత్నించాలని, అది సాధ్యపడనప్పుడే కాల్చాలని ఉత్తర్వు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిలో జోక్యం చేసుకోలేదు. 2018 నవంబరు 2 రాత్రి హైదరాబాదు నుండి పిలిపించిన ప్రైవేటు షూటర్ల బృందం చేతిలో పులి మరణించింది. తరువాత విచారించిన ప్రాధికార సంస్థ బృందం నిర్దేశించిన పద్ధతులను ఉల్లంఘించారని తేల్చింది. చనిపోయిన రైతుల కుటుంబాలకు భద్రత కావాలి. కాల్పులు ఉత్తర్వు ప్రకారమే జరగాలి. ఈ రెంటికీ జవాబుదారీ ఒకటే.

ఊరికి దక్కవలసినది

వన్యమృగాల దాడిలో మనిషి మరణిస్తే కేంద్ర పథకం క్రింద ఇచ్చే పరిహారాన్ని 2023 డిసెంబరులో 5 లక్షల నుండి 10 లక్షలకు పెంచారు. మహారాష్ట్ర 2022లోనే దానిని 20 లక్షలు చేసింది. ప్రాణహితకు ఇటు ఒక మొత్తం, అటు మరొక మొత్తం ఉండడం వల్ల సరిహద్దు కుటుంబాలు ఘటన ఏ రాష్ట్రపు హద్దులో జరిగిందో పంచనామాలో స్పష్టంగా వ్రాయించుకోవలసి ఉంటుంది. పులుల అభయారణ్యం నుండి స్వచ్ఛందంగా తరలివెళ్ళే కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని 2021లో 10 లక్షల నుండి 15 లక్షలకు పెంచారు. కవ్వాల్ అభయారణ్యంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలు ఇటువంటి పథకం క్రిందనే తరలాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఇటువంటి తరలింపునకు గ్రామసభ సమ్మతి అవసరం.

ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ఎలా జరుగుతుందో మన గ్రామాలు చూశాయి. మస్టరు బహిరంగంగా చదువుతారు, చేయని పనికి కూలి వ్రాసి ఉంటే పదిమందిలో బయటపడుతుంది. పరిహారపు జాబితాలకు, కంపా పనులకు అటువంటి తనిఖీ తప్పనిసరి కాదు. అందువల్ల అడగడం ప్రజలే నేర్చుకోవాలి.

దరఖాస్తు చేసే పద్ధతి

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి అమలులో ఉంది. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. తెలంగాణలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా రుసుము లేదు. తెలంగాణ కార్యాలయానికి తెలుగులోనే వ్రాయవచ్చు. మహారాష్ట్ర కార్యాలయానికైతే మరాఠీ, హిందీ లేక ఇంగ్లీషులో వ్రాయాలి. ఒక దరఖాస్తు ఒకే విషయంపై, 150 పదాలకు మించకుండా ఉండాలని అక్కడి నియమం. ఊరిలోని పెద్దలు తెలుగు దరఖాస్తును, చాల్లో మరాఠీ చదివిన పిల్లలు మహారాష్ట్ర దరఖాస్తును వ్రాస్తే పని సగం తీరినట్లే.

అడగవలసినవి సూటిగా ఉండాలి. గత మూడేళ్ళలో ఫలానా రేంజికి పంటనష్ట పరిహారం క్రింద ఎంత సొమ్ము వచ్చింది, ఎన్ని దరఖాస్తులు అందాయి, ఎన్ని తిరస్కరించారు, చెల్లింపునకు సగటున ఎన్ని రోజులు పట్టింది, కంపా సొమ్ముతో ఏ సర్వే నంబరులో ఏ పని చేశారు అని అడగాలి. ఇతరుల సొంత వివరాలు అడగక, గ్రామాలవారీ సంఖ్యలు అడిగితే తిరస్కరణకు అవకాశం తక్కువ. చేసిన పనిని స్వయంగా వెళ్ళి పరిశీలించే హక్కు కూడా ఈ చట్టంలో ఉంది. జవాబు రాకపోయినా, అసంపూర్ణంగా వచ్చినా 30 రోజులలో మొదటి అప్పీలు, ఆపై 90 రోజులలో సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు.

2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు మరణించాయి. విషం కలిపిన పశువు కళేబరమే కారణమన్న అనుమానం బలంగా వినిపించింది. పశువును పోగొట్టుకొన్నవానికి పరిహారం వేళకు అందితే విషం వైపు చేయి చాపవలసిన అవసరం తగ్గుతుంది. పులికి కేటాయించిన సొమ్ము పులికీ, రైతుకు కేటాయించిన సొమ్ము రైతుకూ చేరిన చోటనే రెండు ప్రాణాలూ నిలుస్తాయి.