గార్లదిన్నెకు కావలసిన ఐటీ

2025 అక్టోబరు 14న రెండు సంగతులు జరిగాయి. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రం కడతామని గూగుల్ ప్రకటించింది. అదే రోజుతో విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. మొదటిది రాష్ట్రమంతా పండగలా మాట్లాడుకున్న వార్త. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అనంతపురం నుంచి గుత్తి వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న గార్లదిన్నె నుంచి చూస్తే ఈ వరస తిరగబడుతుంది. పెనకచర్ల డ్యామ్ ఉన్న మండలమే అయినా, వేరుశనగ వేసి ఆకాశం కేసి చూసే రైతులున్న నేల ఇది. ఇలాంటి మండల కేంద్రంలో ఎరువుల కొట్టు, ప్రైవేటు బడి, పెట్రోలు బంకు, సహకార సంఘం బల్లల మీదున్న కంప్యూటర్లను తాకింది రెండో వార్తే. చిన్న ఐటీ సర్వీసుల కంపెనీకి పని దొరికేదీ అలాంటి వార్తలతోనే. కరువు జిల్లాలో ఊరి దగ్గరే ఐటీ ఉద్యోగం నిలబడాలంటే ఎక్కడో ఉన్న ఖాతాదారు పనిని మోసుకొస్తే చాలదు, చుట్టుపక్కల చెల్లాచెదురుగా ఉన్న అవసరాలను పోగుచేయాలన్నది నా వాదన.

ఆ అవసరాలు ఎలాంటివో చూద్దాం. విండోస్ 11 ఎక్కాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరయితే ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో కావాలి. 2016 ప్రాంతంలో కొన్న మిషన్లలో చాలావాటికి ఈ అర్హత లేదు. అవి పాడవలేదు, రోజూ బిల్లులు కొడుతూనే ఉన్నాయి. అయితే ఇకపై బయటపడే లోపాలను సరిచేసే దిక్కు లేదు. ఇంట్లో వాడుకునే మిషనుకయితే 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు తీసుకోవచ్చు, బ్యాకప్ సెట్టింగు పెట్టుకుంటే ఖర్చు కూడా ఉండదు. సంస్థలకు మాత్రం తొలి ఏడాదికి మిషనుకు 61 డాలర్లు. పొడిగింపు కొనాలా, కొత్త మిషను తేవాలా, లైనక్స్‌కు మారాలా? మారితే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందా, పాత ప్రింటరు పలుకుతుందా? కొట్టు యజమానికి వీటికి జవాబు చెప్పే మనిషి కావాలి. జీఎస్టీ మార్పు కూడా ఇలాంటిదే. 2025 సెప్టెంబరు 3న మండలి నిర్ణయం తీసుకుంది, 22 నుంచి చాలా సరుకులకు 12, 28 శాతం శ్లాబులు పోయాయి. ట్రాక్టర్లు, డ్రిప్ పరికరాలు 12 నుంచి 5 శాతానికి దిగాయి. బోర్ల నీటిని బొట్టు బొట్టుగా వాడుకునే అనంతపురంలో డ్రిప్ సామాను అమ్మే డీలరుకు ఇది మంచి వార్తే. కానీ 22వ తేదీ పొద్దున కౌంటరు తెరిచేసరికి ఒక్కో సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడు ఎదురుగా కొత్త రేటు ఎక్కి ఉండాలి. సెప్టెంబరు 20న 12 శాతంతో బిల్లు చేసిన లేటరల్ పైపు చుట్టను రైతు నెలాఖరున వాపసు తెస్తే, క్రెడిట్ నోటు పాత రేటుకే వేయాలి. కొత్త రేటు వేస్తే రిటర్నులో లెక్క కుదరదు. వార్త చదివితే రెండు నిమిషాల పని, అమలు చేస్తే రెండు వారాల పని. ఆ తేడాయే చిన్న కంపెనీకి బతుకు.

దగ్గర్లో మనిషి ఉండటం ఎంత ముఖ్యమో పెద్ద కంపెనీలకూ ఒకసారి తెలిసొచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ దెబ్బకు ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెరతో నిలిచిపోయాయి. విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. సరైన అప్‌డేట్‌ను ఆ సంస్థ గంటన్నరలోపే పంపింది. కానీ అప్పటికే పడిపోయిన మిషను దాన్ని అందుకోలేదు. వాటిలో చాలావాటి దగ్గరకు ఒక మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలును తీసేయాల్సి వచ్చింది. డిస్కుకు తాళం వేసి ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి.

పల్లెకు ఐటీని తేవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి జిల్లా జల్లికాకినాడ లాంటి ఊళ్లలో గ్రామ్‌ఐటీ కేంద్రాలు పెట్టి, డిగ్రీ చదివిన పల్లె యువతకు బ్యాక్ ఆఫీసు పనులు ఇచ్చింది. గార్లదిన్నె మీదుగా పోయే ఈ రహదారి మీదే, కర్ణాటక సరిహద్దు దాటగానే వచ్చే బాగేపల్లిలో, తెలుగు మాట్లాడే జనం నడుమ, రూరల్‌షోర్స్ సంస్థ 2008లో తొలి కేంద్రం తెరిచింది. సొంతూరు వదలలేని ఆడపిల్లలు నెల జీతం అందుకోగలరని ఈ ప్రయత్నాలు రుజువు చేశాయి, అది చిన్న విషయం కాదు. అయితే వాటికి పని వచ్చేది దూరం నుంచి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడితే, ఆ కంపెనీ వ్యవస్థాపకుల కుటుంబం అండతో నడిచిన బైర్రాజు ఫౌండేషన్ కార్యక్రమాలు కష్టాల్లో పడ్డాయి. ఊళ్లో పనిచేసినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. ఒకే చోట నుంచి పనో సొమ్మో వచ్చినప్పుడు, అక్కడ ఆగితే ఇక్కడా ఆగుతుంది. యాభై కొట్లు, పది బడులు ఖాతాదారులుగా ఉన్న కంపెనీకి ఒకరిద్దరు మానేసినా పూట గడుస్తుంది.

కరువు ప్రాంతంలో దీనికి డబ్బు ఎవరిస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వానలు లేని ఏడాది ఎరువుల కొట్టు యజమాని వార్షిక మెయింటెనెన్సు ఒప్పందాన్ని వాయిదా వేస్తాడు. ఒక్క గార్లదిన్నె మీద ఆధారపడి ఏ కంపెనీ నిలవదు, అటు గుత్తి, ఇటు అనంతపురం దాకా తిరగాల్సిందే. కానీ పంటతో ముడిపడని కంప్యూటర్లూ పెరుగుతున్నాయి. దేశంలో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి 2022 జూన్‌లో కేంద్రం 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. సాఫ్ట్‌వేర్ పైనుంచి వస్తుంది. ఎండాకాలంలో యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి, ఎర్రదుమ్ము పట్టిన ఫ్యాను తిరగక మిషను వేడెక్కి ఆగిపోతే, అప్పు కోసం వచ్చిన రైతు వరసలో నిలబడి ఉంటాడు. ఆ క్యాబినెట్ విప్పి దుమ్ము ఊది, బ్యాటరీ మార్చే మనిషి పైనుంచి రాడు.

మరి కృత్రిమ మేధ ఈ పనినీ మింగేయదా? కొంత మింగుతుంది. 2025 జులైలో టీసీఎస్ అంతటి సంస్థ సిబ్బందిలో 2 శాతాన్ని, 12,000 మందికి పైగా, తగ్గించుకుంటానని ప్రకటించింది. ఫారాలు చూసి టైపు చేసే పనికి ఇక భవిష్యత్తు లేదని నా అభిప్రాయం. పల్లె బీపీవోలను పాత పద్ధతిలోనే మళ్లీ తెరవాలనడం అందుకే తప్పు. జీఎస్టీ సందేహానికి చాట్‌బాట్ తెలుగులోనే జవాబు చెప్పగలదు. ఆ జవాబు తప్పయి నోటీసు వస్తే బాధ్యత వహించేది మాత్రం ఆ డీలరో, అతను నమ్మిన సర్వీసు కంపెనీయో. బాధ్యత తీసుకునే మనిషి దగ్గరలో ఉన్నంతకాలం ఆ నమ్మకానికి ధర ఉంటుంది.

ఇంకా గట్టి అభ్యంతరం జీతాలది. జేఎన్‌టీయూ అనంతపురంలో బీటెక్ చేసినవాళ్లు బెంగళూరు జీతం వదులుకుని ఇక్కడ ఆగరు, ఆగమనడం న్యాయమూ కాదు. పాలిటెక్నిక్, ఐటీఐ, మామూలు డిగ్రీ చదివినవాళ్లూ, ఊరు కదల్లేనివాళ్లూ ఈ పనికి వస్తారు. వాళ్లను పెట్టుకునే కంపెనీకి పెద్ద బెడద వసూళ్లు. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసలకు ఇస్తూ రాష్ట్రం 2025లో నిర్ణయం తీసుకుంది, 12,000 ఉద్యోగాలు వస్తాయన్న ఆశ దాని వెనక ఉంది. పదిమంది పనిచేసే కంపెనీ భూమి అడగదు, చేసిన పనికి డబ్బు వేళకు అడుగుతుంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం 45 రోజులు దాటకుండా చెల్లించాలి. 2024 నుంచి ఆదాయపు పన్ను చట్టం కూడా గడువు దాటిన బకాయిని అప్పటికి ఖర్చుగా ఒప్పుకోవడం లేదు, దాంతో ప్రైవేటు కంపెనీలకు కాస్త భయం పట్టుకుంది. ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ కార్యాలయానికి ఆ భయం లేదు. కాబట్టి బడులు, సచివాలయాల కంప్యూటర్ల నిర్వహణకు రాష్ట్రమంతటికీ కలిపి ఒకే టెండరు పిలవకుండా రెవెన్యూ డివిజన్ వారీగా విడగొట్టాలి, టర్నోవరు షరతును చిన్నవాళ్లు అందుకునేలా తగ్గించాలి, 45 రోజులు దాటిన బిల్లుకు అడగకుండానే వడ్డీ జమయ్యేలా ఖజానా సాఫ్ట్‌వేర్‌లోనే ఏర్పాటు చేయాలి.