పాత టిల్లరుకో ఆది జాకెట్టు

బేరింగు, ఆయిల్ సీలు, బెల్టు... ఆడవాళ్ళ పేజీలో ఈ ఇనప కబుర్లేమిటమ్మా అనుకుంటున్నారా? 2023 దాకా నేనూ అలాగే అనుకునేదాన్ని. మిక్సీ జారు లూజైతే రిపేరు షాపుకి పంపడమే తప్ప స్పానరు పట్టుకున్న పాపాన పోలేదు. కోనసీమలో మా పుట్టింటి కొబ్బరితోటలో ఉన్న పాత పవర్ టిల్లరు నాచేత ఆ పని కూడా చేయించింది.

నాన్న దాన్ని 1993లో కొన్నారు. నేనప్పుడు ఒకటో తరగతి. ముందు డీజిలు ఇంజను, రెండు చక్రాలు, వెనక గిర్రున తిరిగే కత్తులు, పొడుగాటి రెండు హ్యాండిళ్ళు. అవి పట్టుకుని వెనకాలే నడవాలి. కొబ్బరి వరుసల మధ్య కందా, పసుపూ వేసే చోట పెద్ద ట్రాక్టరుకి మలుపు దొరకదు. దీనికైతే మా రెండెకరాలూ పెరటితో సమానం! దమ్ము చెయ్యడానికి కేజ్ వీల్సు, కాయలు తోలడానికి చిన్న ట్రక్కు, దాని సరంజామా అంతా పాకలోనే ఉండేది. ఆయిలు మార్చినప్పుడల్లా నాన్న పాక తలుపు లోపలివైపు ఎర్ర రంగుతో తేదీ రాసేవారు.

2021లో నాన్న పోయారు. రెండు వర్షాకాలాలు టిల్లరు అలాగే పడుంది. "ఎవరు నడుపుతారే దాన్ని? పాత ఇనప సామాన్లకి ఇచ్చేద్దాం" అన్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన అన్నయ్య. వాడి మాటా తప్పు కాదు. అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో హ్యాండిలు మీద దుమ్ము తుడిచి లోపలికెళ్ళిపోయింది. కానీ తోట దున్నించడానికి అద్దె బండి కోసం అమ్మ రోజుల తరబడి ఎవరెవరినో బతిమాలడం నేను చూశాను. "దసరా దాకా ఆగు అన్నయ్యా" అనేశాను.

మా ఊళ్ళో డెబ్బై ఏళ్ళ మేస్త్రిగారున్నారు. ఆయన అంతా విప్పి చూసి, "ఇంజను బానే ఉందండీ అమ్మాయిగారూ. బెల్టులు పగిలిపోయాయి, సీలు కారుతోంది, ఓ బేరింగు పోయింది, కత్తులు సగం అరిగిపోయాయి. సామాను తెచ్చారంటే నేను బిగిస్తానండీ, ఆయ్" అన్నారు.

టౌనుకెళ్ళి ఓ షాపులో "టిల్లరు ఆయిల్ సీలు ఇవ్వండి" అన్నాను. మోడలేమిటన్నాడు. తెలీదన్నాను. "ఒరిజినలేనమ్మా" అని ఒకటి చేతిలో పెట్టాడు. వారం తిరక్కుండా మళ్ళీ నూనె కారింది. అడగబోతే "మీవాళ్ళకి బిగించడం రాలేదు" అన్నాడు. బస్సులో కూర్చుంటే ఏడుపొచ్చినంత పనైంది.

మేస్త్రిగారు నవ్వి, పాత సీలుని డీజిలుతో తుడిచి నా చేతికిచ్చారు. "పేరు చెప్పి అడక్కండి. నంబరు చదవండి" అన్నారు. చూద్దును కదా, అంచు మీద మూడు అంకెలు! 35-52-7 అని ఉంటే మొదటిది లోపలి ఇరుసు లావు, రెండోది సీలు కూర్చునే గుంత వెడల్పు, మూడోది సీలు మందం. అన్నీ మిల్లీమీటర్లే.

బేరింగుదీ ఇదే కథ. 6205 అని ఉంటే చివరి 05ని అయిదుతో గుణించండి. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా 6205 కొలత ఒకటే. టిల్లరు పాతదైతేనేం, బేరింగు కొత్తది దొరుకుతుంది. బెల్టు మీద బి-60 అని ఉంటే 'బి' దాని వెడల్పు రకం, 60 లోపలివైపు పొడవు అంగుళాల్లో. వాడిన బెల్టు సాగి ఉంటుంది కాబట్టి టేపుతో కొలవకూడదు, నంబరే చదవాలి. పక్కపక్కన రెండు మూడు బెల్టులుంటే అన్నీ ఒకేసారి మార్చాలి. లేకపోతే బిగువంతా కొత్తదాని మీదే పడుతుంది.

అప్పుడు తట్టింది నాకు. టైలరు దగ్గరకెళ్ళి "నాకో జాకెట్టు కుట్టు" అంటే సరిపోతుందా? ఆది జాకెట్టు ఇవ్వాలి కదా! పాడైన భాగమే దానికి ఆది. దాన్ని పారేసి షాపుకెళ్ళడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

కత్తుల్లో మాత్రం ఎడమవీ కుడివీ వేరుగా ఉంటాయి. అన్నీ ఒకేసారి విప్పితే ఏది ఎటో తెలీదు. ఒకటి విప్పి, దాని చోట కొత్తది బిగించి, తర్వాత ఇంకోటి విప్పాలి.

ఇక నంబరు లేనివి, ఆ మోడలుకే ప్రత్యేకమైనవి ఉంటాయి. వాటికి టిల్లరు మీది రేకు ముక్కలో ఉన్న మోడలు, ఇంజను నంబర్లు రాసుకుని డీలరునడగాలి. బెంగుళూరులో వి.ఎస్.టి. కంపెనీ 1967లో జపాను మిత్సుబిషి సహకారంతో మొదలైంది. కేరళ ప్రభుత్వ సంస్థ కామ్కో 1973లో పుట్టి కుబోటా రకం టిల్లర్లు తెచ్చింది. రెండూ ఇప్పటికీ టిల్లర్లు చేస్తున్నాయి కాబట్టి ముందు అక్కడ అడగడమే మేలు. అక్కడా లేకపోతే పాత బళ్ళు విప్పి అమ్మేవాళ్ళున్నారు, లేత్ మిషనున్నవాళ్ళున్నారు. మాకు అరిగిపోయిన ఇత్తడి బుష్షు ఒకటి ఎక్కడా దొరకలేదు. విజయవాడ ఆటోనగర్లో పాతది చూపిస్తే అచ్చం అలాంటిదే తిప్పి ఇచ్చారు.

మీ ఇంట్లోనూ ఇలాంటిదుంటే ఈ అయిదు జాగ్రత్తలూ గుర్తుంచుకోండి. కొన్నాళ్ళు వాడనప్పుడు చల్లబడ్డాక నీళ్ళు తీసేయండి. బెల్టులు వదులు చేయండి. పొగగొట్టానికి డబ్బా మూత బోర్లించండి, లేకపోతే కందిరీగలు గూడు పెడతాయి. కత్తులకి చుట్టుకున్న గడ్డి తీసేటప్పుడు ఇంజను ఆపి తీరాలి. బెల్టుల మీది రేకు మూత తీసేసి ఎప్పుడూ నడపకూడదు. కొంగు, చున్నీ, జడ... దేన్నీ వదలదది!

దసరాకి నాలుగు రోజుల ముందు మేస్త్రిగారు హ్యాండిలు తిప్పారు. మూడుసార్లు దగ్గి, నాలుగోసారి అందుకుంది. అమ్మ వంటింట్లోంచి పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ఆయుధపూజకి వచ్చిన అన్నయ్య ఏమీ అనకుండా దాన్ని తోటలోకి నడుపుకుంటూ వెళ్ళాడు. ఇప్పుడు కూలికొచ్చే కుర్రాడు నడుపుతున్నాడు, అద్దె బండి కోసం అమ్మ ఎవరినీ బతిమాలడం లేదు.

ఒక్క దిగులు మాత్రం ఉంది. మేస్త్రిగారి దగ్గర పని నేర్చుకునేవాళ్ళెవరూ లేరు. అందుకే ప్రతి భాగం నంబరూ ఒక నోటుబుక్కులో రాసిపెట్టాను. పాక తలుపు మీద నాన్న రాసిన ఆఖరి తేదీ కింద ఇప్పుడు మూడు కొత్త తేదీలున్నాయి. మొదటి రెండూ నా రాత. మూడోది కొంచెం వంకర, అది అమ్మది.