శ్రేణీకృత నాణేలు

శ్రేణీకృత నాణెం అనగా, ఒక స్వతంత్ర సంస్థ పరిశీలించి, అసలైనదేనని ధృవీకరించి, దాని స్థితికి ఒక అంకెను కేటాయించి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో మూసివేసిన నాణెం. ఈ పెట్టెను స్లాబ్ అని వ్యవహరిస్తారు. ఇందుకు భిన్నంగా బులియన్ నాణెం విలువ ముఖ్యంగా అందులోని బంగారం లేక వెండి బరువుపై, స్వచ్ఛతపై ఆధారపడి ఉంటుంది. ఒకే రకం నాణెం ఈ రెండు రూపాలలోనూ అమ్మకానికి వస్తుంది. స్లాబ్‌లోని నాణేనికి ఎక్కువ ధర చెల్లించవచ్చునా అన్నది, శ్రేణి దేనిని ధృవీకరిస్తుంది, దేనిని ధృవీకరించదు అనే విషయంపై ఆధారపడుతుంది.

చరిత్ర

1949లో అమెరికాకు చెందిన విలియం హెర్బర్ట్ షెల్డన్ ఆ దేశపు పాత రాగి సెంటు నాణేల కొరకు 1 నుండి 70 వరకు అంకెలు గల కొలమానాన్ని ప్రతిపాదించాడు. 70వ శ్రేణి నాణెం విలువ, 1వ శ్రేణి నాణెం విలువకు డెబ్బై రెట్లు ఉంటుందన్నది దీని వెనుక గల ఆలోచన. ధరలతో ఈ సంబంధం నిలువలేదు గాని, కొలమానం మాత్రం ఇతర నాణేలకు కూడా విస్తరించింది.

ప్రొఫెషనల్ కాయిన్ గ్రేడింగ్ సర్వీస్ 1986లోను, న్యూమిస్మాటిక్ గ్యారంటీ కార్పొరేషన్ 1987లోను పని ప్రారంభించాయి. నాణెం స్థితిపై అమ్మేవారికి, కొనేవారికి మధ్య వచ్చే వివాదాలను మూడవ పక్షం తీర్పుతో తగ్గించడం వీటి ఉద్దేశం. శ్రేణి ఒక అంకెగా మారడంతో, నాణేల గురించి తెలియని మదుపుదారులు కూడా ఈ వ్యాపారంలోకి వచ్చారు. 1989లో అమెరికాలో ధరలు శిఖరానికి చేరి, ఆ తరువాత తీవ్రంగా పడిపోయాయి. నాణేలపై వేసిన అంకెలు మారలేదు. వాటికి డబ్బు ఇచ్చేవారే తగ్గిపోయారు.

శ్రేణుల అర్థం

* 1 నుండి 58 వరకు: చలామణీ వలన వివిధ స్థాయిలలో అరిగిన నాణేలు.
* 60 నుండి 70 వరకు: చలామణీ వలన అరగని నాణేలు. వీటికి అంకె ముందు ఎం.ఎస్. అనే అక్షరాలు చేర్చుతారు.
* 70: ఐదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో చూసినా, ముద్రణ తరువాత ఏర్పడిన లోపమేదీ కనిపించని నాణెం.

ఈ అంకె స్థితిని మాత్రమే తెలుపుతుంది. నాణెం ఎంత అరుదైనదో, దానిని ఎందరు కోరుకుంటున్నారో తెలుపదు. ఇందుకు అమెరికా వారి ఇరవై డాలర్ల బంగారు నాణెం మంచి ఉదాహరణ. ఒక్కొక్క దానిలో సుమారు 30 గ్రాముల బంగారం ఉంటుంది. 1933లో ముద్రించిన ఇటువంటి నాణేలు 4,45,500. ఆ ఏడాదే బంగారు నాణేల చలామణీని నిలిపివేయడంతో వీటిలో దాదాపు అన్నింటినీ కరిగించివేశారు. ప్రైవేటు వ్యక్తులు చట్టబద్ధంగా కలిగి ఉండగల ఏకైక నాణెం 2021లో జరిగిన వేలంలో సుమారు 1.89 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని శ్రేణి 65. అదే నమూనాలో, అంతే బంగారంతో 1924లో ముద్రించిన నాణేలు 65వ శ్రేణిలోనే వేల సంఖ్యలో లభిస్తాయి. ఇవి తమలోని బంగారం విలువకు చాలా దగ్గరగా అమ్ముడవుతాయి.

ఆధునిక బులియన్ నాణేలు

దక్షిణాఫ్రికా క్రుగెరాండ్ 1967లోను, కెనడా మేపుల్ లీఫ్ 1979లోను, అమెరికన్ ఈగిల్ 1986లోను మొదలయ్యాయి. టంకశాలలు వీటిని భారీ సంఖ్యలో తయారుచేస్తాయి. ఒక్క 2015లోనే అమెరికా 4.7 కోట్ల వెండి ఈగిల్ నాణేలను విక్రయించింది. ఇవి చేతులు మారకుండా నేరుగా శ్రేణీకరణకు వెళ్ళగలవు గనుక 69, 70 శ్రేణులు పొందడం అసాధారణం కాదు.

కొన్ని స్లాబ్‌లపై ఫస్ట్ స్ట్రైక్ అనే చీటీ ఉంటుంది. ఇది అచ్చు నుండి ముందుగా వెలువడిన నాణెమని అర్థం కాదు. విడుదలైన మొదటి ముప్పై రోజులలో పంపబడినదని మాత్రమే అర్థం.

ధరలో తేడా

ఒక ఊహాత్మక లెక్క ద్వారా ఈ తేడాను గమనించవచ్చు. నాణెంలోని లోహం విలువ 100 రూపాయలు, మామూలు నాణెం ధర 105, అదే నాణెం 70వ శ్రేణి స్లాబ్‌లో 150 అనుకుందాం. లోహం ధర 20 శాతం పెరిగినపుడు, రెండింటినీ లోహం ధరకే అమ్మవలసివస్తే మామూలు నాణెంపై 15 రూపాయల లాభం, స్లాబ్ నాణెంపై 30 రూపాయల నష్టం వస్తాయి. అసలు రాబట్టుకోవాలంటే లోహం 50 శాతం పెరగాలి, లేదా శ్రేణికి విలువ ఇచ్చే సేకర్త దొరకాలి. శ్రేణీకరణ రుసుము నాణేనికి ఇంతని ఉంటుంది గనుక, తక్కువ విలువ గల వెండి నాణేలపై ఈ భారం నిష్పత్తిలో ఎక్కువ.

శ్రేణీకరణ ఉపయోగపడే సందర్భాలు

పాత, అరుదైన నాణేల విషయంలో పరిస్థితి వేరు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల 1,00,000 మోర్గాన్ డాలర్లు మాత్రమే ముద్రించింది. వీటిలో సుమారు 24 గ్రాముల వెండి మాత్రమే ఉన్నా, అరిగిపోయినవి కూడా వేల డాలర్లకు అమ్ముడవుతాయి. అదే ఏడాది వేరే టంకశాలలో ముద్రించిన నాణేనికి శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తయిన ఎస్ అక్షరాన్ని అతికించి మోసగించడం జరుగుతూ వచ్చింది. ఇటువంటి చోట ధృవీకరణకు చెల్లించే రుసుము స్వల్పమే. అయితే స్లాబ్‌లకు కూడా నకిలీలు ఉన్నందున, పెట్టెపై ఉన్న సంఖ్యను జారీచేసిన సంస్థ జాబితాతో సరిచూసుకోవాలి.

భారతదేశంలో

తెలుగునాట ఎనిమిది గ్రాముల బంగారాన్ని కాసు అంటారు. బ్రిటిష్ సావరిన్ నాణెం బరువు 7.988 గ్రాములు. కాసుల లెక్కన బంగారం కొనేవారు చూసేది బరువు, స్వచ్ఛతలనే. ఇది బులియన్ పద్ధతి. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు.

ఎంపిక

లోహంలో పొదుపు చేయదలచినవారికి, తక్కువ అదనపు ధరతో లభించే మామూలు బులియన్ నాణెమే అనువైనది. నాణేన్ని దాని చరిత్ర కోసం, అరుదుతనం కోసం కోరుకునేవారికి శ్రేణీకరణ రక్షణ కల్పిస్తుంది. నేడు సమృద్ధిగా ముద్రించబడుతున్న నాణేనికి కేవలం 70 అనే అంకె కోసం అధిక ధర చెల్లించేవారు, ఆ అంకెకు మున్ముందు కూడా గిరాకీ ఉంటుందనే ఊహపైనే ఆధారపడుతున్నారు.